రెజ్లింగ్‌కు స్వర్ణయుగం ఏది? పుట్టిన సంవత్సరం చెబితే చాలు

క్లుప్తంగా: 2025లో హల్క్ హోగన్ మరణం, జాన్ సీనా రిటైర్మెంట్‌తో చిన్నప్పటి రెజ్లర్ల జ్ఞాపకాలు మళ్లీ పైకి లేచాయి. ‘ఆ రోజులే వేరు’ అనే మాటలో మూడు సంగతులు కలిసిపోయి ఉంటాయి: చూసినవారి వయసు, అప్పట్లో ప్రసారాలకు ఉన్న కొరత, రెజ్లింగ్ వ్యాపారంలో నిజంగానే వచ్చిన మార్పులు. మొదటిదాని బలం అన్నిటికంటే ఎక్కువ. రెండోదాన్ని చాలామంది గమనించరు. మూడోది పూర్తిగా భ్రమ కాదు.

2025 డిసెంబర్ 13న వాషింగ్టన్‌లోని క్యాపిటల్ వన్ అరేనాలో జాన్ సీనా ఆఖరి మ్యాచ్ ఆడాడు. ‘ఎన్నడూ పట్టు వదలొద్దు’ అనే నినాదాన్ని ఏళ్ల తరబడి టీషర్టుల మీద, టోపీల మీద మోసిన మనిషి, గుంథర్ బిగించిన పట్టులోంచి బయటపడలేక చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. హాల్లో ఉన్నవాళ్లు నిరసనగా అరిచారు. అంతకు ఐదు నెలల ముందే, జులై 24న, హల్క్ హోగన్ 71 ఏళ్ల వయసులో ఫ్లోరిడాలో చనిపోయాడు. ఒకే ఏడాదిలో రెండు తరాల ‘మొదటి హీరోలు’ తెరమరుగయ్యారు.

రెండు సందర్భాల్లోనూ తెలుగువారి వాట్సాప్ గ్రూపుల నుంచి అమెరికా చానెళ్ల దాకా వినిపించింది ఒకటే మాట: ఇప్పుడు ఆ కళ లేదు, ఆ మనుషులు లేరు. అయితే ఈ మాట అన్నవాళ్లందరూ ఒకే కాలం గురించి మాట్లాడటం లేదు. 1980లో పుట్టినవారికి ‘ఆ రోజులు’ అంటే హోగన్, అల్టిమేట్ వారియర్, బ్రెట్ హార్ట్. 1988లో పుట్టినవారికి స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్, రాక్, కేన్. 1998లో పుట్టినవారికి సీనా, బటిస్టా, రాండీ ఆర్టన్. ఎవరి లెక్కలో చూసినా రెజ్లింగ్ సరిగ్గా వాళ్లు ఇంటర్మీడియట్‌లో చేరేసరికి చెడిపోయింది!

సీనానే ఒక పరీక్ష

వయసు ప్రభావం ఎంతో తెలుసుకోవడానికి సీనా కెరీర్‌ను మించిన ఉదాహరణ దొరకదు. 2002 జూన్‌లో కర్ట్ యాంగిల్ మీద తొలి మ్యాచ్ ఆడిన సీనా, 2005 నుంచి అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈకి ముఖచిత్రంగా ఉన్నాడు. ఆ తర్వాతి పదేళ్లూ అతను రింగులోకి వస్తే హాలు రెండుగా చీలేది. పిల్లలు, ఆడవాళ్లు ‘పద సీనా’ అని కేకలు పెడితే, పాతికేళ్లు దాటిన మగవాళ్లు అదే రాగంలో తిట్టు అందుకునేవారు. 2006 జూన్‌లో న్యూయార్క్ హామర్‌స్టీన్ బాల్‌రూమ్‌లో రాబ్ వాన్ డ్యామ్‌తో మ్యాచ్‌కు వచ్చినప్పుడైతే, సీనా గెలిస్తే అల్లర్లు తప్పవని ఓ అభిమాని అట్టముక్క మీద రాసి పట్టుకున్నాడు. సీనా ప్రేక్షకుల్లోకి విసిరిన టీషర్టును వాళ్లు తిరిగి రింగులోకే విసిరేశారు.

ఆ కోపానికి కారణం అతని ఆట ఒక్కటే కాదు. అలా అరిచినవాళ్లు స్టోన్ కోల్డ్, రాక్ చేతుల్లో పెరిగిన తరం. ఆస్టిన్ చివరి రెగ్యులర్ మ్యాచ్ 2003 మార్చిలో. రాక్ ఆ తర్వాత ఏడాదికే సినిమాలకు వెళ్లిపోయాడు. ఖాళీ అయిన ఆ కుర్చీలో కూర్చున్నవాడు సీనా. ఎవరు కూర్చున్నా ఆ తిట్లు తినేవారే.

ఇరవై ఏళ్లు గడిచాయి. అప్పుడు పదేళ్లున్న పిల్లలకు ఇప్పుడు ముప్పై. సొంత జీతం ఉంది, టికెట్ కొనుక్కోగలరు, వీడ్కోలు పర్యటనంతా హాళ్లు నింపింది వాళ్లే. 2025 ఏప్రిల్ 20న లాస్ వేగాస్‌లో కోడీ రోడ్స్‌ను ఓడించి 17వ ప్రపంచ టైటిల్‌తో రిక్ ఫ్లెయిర్ పేరుమీదున్న 16 రికార్డును సీనా దాటాడు. ఒకప్పుడు ‘రెజ్లింగ్‌ను పాడుచేసినవాడు’ అనిపించుకున్న వ్యక్తే ఇప్పుడు ‘పాత మంచి రోజులకు’ గుర్తయ్యాడు. మధ్యలో అతని ఎత్తుగడలు ఏమంత మారలేదు. చూసేవాళ్లు మారారు.

పదేళ్ల వయసులో ఏం జరుగుతుంది?

జ్ఞాపకశక్తి మీద పనిచేసే మనస్తత్వవేత్తలు 1980ల నుంచి ఒక విషయం గమనిస్తూ వస్తున్నారు. నడివయసు దాటినవారిని జీవితంలో గుర్తున్న సంఘటనలు చెప్పమంటే, సుమారు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవి లెక్కకు మించి వస్తాయి. దీన్ని ‘రెమినిసెన్స్ బంప్’ అంటారు. మొదటిసారి జరిగేవన్నీ ఆ వయసులోనే ఎక్కువ కాబట్టి అవి గట్టిగా నాటుకుంటాయన్నది ఒక వివరణ. మనిషి తానెవరో తేల్చుకునే కాలం అదే కాబట్టి అన్నది మరొకటి. రెజ్లింగ్‌కు రెండూ సరిపోతాయి. మంచివాడు, చెడ్డవాడు, నమ్మకద్రోహం, పగ, ప్రతీకారం అన్నీ అరగంటలో కళ్లముందు జరిగిపోతాయి. మాటలు అర్థం కాకపోయినా కథ అర్థమవుతుంది. ఇంగ్లిష్ వ్యాఖ్యానం ఒక్క ముక్క తెలియని పల్లెటూరి పిల్లలు కూడా ఎవడు ఎవడికి వెన్నుపోటు పొడిచాడో తడుముకోకుండా చెప్పగలిగేది అందుకే.

తెర మీది మనిషితో ప్రేక్షకుడికి ఏర్పడే ఏకపక్ష స్నేహాన్ని 1956లోనే డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు వివరించారు. రెజ్లింగ్ ఆ స్నేహాన్ని వారం వారం, ఏళ్ల తరబడి నడిపిస్తుంది. సినిమాలో హీరో పాత్ర మూడు గంటల్లో ముగుస్తుంది. అండర్‌టేకర్ పాత్ర 1990 నవంబర్‌లో మొదలై 2020 నవంబర్‌లో ముగిసింది. ఏడో తరగతిలో చూసినవాడు, పిల్లల్ని స్కూల్లో చేర్పించాక కూడా అదే టోపీని, అదే నల్లకోటును చూశాడు.

ఇది కేబుల్ టీవీతో పుట్టిన వింత కూడా కాదు. తాతల తరంలో ఆ స్థానం దారాసింగ్‌ది. కింగ్ కాంగ్ పేరుతో తిరిగిన ఎమిల్ చాయాతో అతని పోటీలు, 1968లో బొంబాయిలో అమెరికన్ లూ థెజ్ మీద సాధించిన గెలుపు ఆ కాలపు పెద్ద వార్తలు. అవీ ప్రొఫెషనల్ రెజ్లింగ్ పోటీలే. ‘నువ్వేమైనా దారాసింగ్‌వా?’ అన్న మాట తెలుగిళ్లలో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది, అతని ఒక్క కుస్తీ కూడా చూడనివాళ్ల నోట సైతం. అంతకు ముందు తరంలో ‘కలియుగ భీముడు’ కోడి రామమూర్తి నాయుడు గొలుసులు తెంపడం, ఏనుగును ఛాతీ మీదికి ఎక్కించుకోవడం కథలు కథలుగా చెప్పుకునేవారు. ఆయన పేరు మోగింది సర్కస్ బలప్రదర్శనలతో, ఈ తరహా రెజ్లింగ్‌తో కాదు. కానీ ఆ కథలకు ఆకలి మాత్రం ఇదే.

కొరతే పెంచిన మహాకాయులు

పాత రెజ్లర్లు అంత పెద్దగా కనిపించడానికి వారి శరీరాల కంటే ముఖ్యమైన కారణం ఒకటుంది. వారు అరుదుగా కనిపించేవారు.

1980ల చివర, 90ల మొదట్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (డబ్ల్యూడబ్ల్యూఈకి అప్పటి పేరు) వారపు కార్యక్రమాల్లో పేరున్న ఇద్దరు తలపడటం తక్కువ. ఎక్కువగా జరిగే తంతు ఒకటే. స్టార్ వస్తాడు, పేరు కూడా గుర్తుండని ఒక బక్కప్రాణిని రెండు మూడు నిమిషాల్లో చిత్తుచేసి పోతాడు. అలా ఓడటమే ఉద్యోగంగా ఉన్నవారిని ఆ వృత్తిలో ‘జాబర్లు’ అంటారు. ఆ రెండు నిమిషాల పని స్టార్‌ను అజేయుడిగా నిలబెట్టడం. ఇద్దరు అజేయులు ఎదురుపడాలంటే డబ్బు కట్టి చూసే పెద్ద కార్యక్రమం రావాలి. అవి ఏడాదికి నాలుగే: రాయల్ రంబుల్, రెజిల్‌మేనియా, సమ్మర్‌స్లామ్, సర్వైవర్ సిరీస్. 1993లో ఐదోది చేరింది. 1995 మే నుంచి దాదాపు నెలకొకటి అయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ సోమవారం రాత్రి ‘నైట్రో’ ప్రారంభించడంతో, రేటింగ్‌ల కోసం ఇరువైపులా పెద్ద మ్యాచ్‌లను ఉచితంగా టీవీలోనే ఇవ్వక తప్పలేదు. 2012 జులై నుంచి డబ్ల్యూడబ్ల్యూఈ సోమవారపు కార్యక్రమం ‘రా’ మూడు గంటలైంది. అంత సమయం నింపాలంటే స్టార్లు వారం వారం ఒకరినొకరు ఓడించుకోవాలి. ఓడిపోయినవాడు మళ్లీ సోమవారం అదే మనిషి ముందు నిలబడతాడు. దీనితో ఆట నాణ్యత పెరిగింది. ఒక్కొక్కరి స్థాయి మాత్రం తగ్గింది.

భారతదేశంలో ఈ కొరత రెండింతలు. ప్రసారాలు ఆలస్యంగా వచ్చేవి, కోతలతో వచ్చేవి. 2002లో వచ్చిన టెన్ స్పోర్ట్స్ తర్వాత క్రమం కుదిరింది కానీ, అంతకు ముందు ఏ కేబుల్ ఆపరేటర్ ఏ చానెల్ ఇస్తాడన్నది ఊరిని బట్టి ఉండేది. వారం తప్పితే కథలో ఒక ముక్క పోయినట్టే. ఆ ఖాళీని పిల్లలే పూరించుకున్నారు.

అండర్‌టేకర్ గురించి స్కూళ్లలో తిరిగిన వదంతులు అలా పుట్టినవే. అతనికి ఏడు ప్రాణాలున్నాయని, చచ్చి బతికాడని, అసలు ఇద్దరు అండర్‌టేకర్లు ఉన్నారని. నవ్వొస్తుంది గానీ, ఇవేవీ గాలిలోంచి రాలేదు. 1994 జనవరిలో యోకోజూనా ముఠా అతన్ని శవపేటికలో పెట్టి మూసేశాక, అతను పైకి తేలిపోయినట్టు చూపించి ఏడు నెలలు మాయం చేశారు. ఆగస్టు 29న షికాగోలో నిజంగానే ఇద్దరు అండర్‌టేకర్లు రింగులో తలపడ్డారు. రెండోవాడు బ్రయాన్ లీ. 1996 అక్టోబర్‌లో అతన్ని ‘సజీవంగా పాతిపెట్టి’ నవంబర్‌లో మళ్లీ తెచ్చారు. ఇక 1996లోనే అక్షయ్ కుమార్ ఒక హిందీ సినిమాలో అండర్‌టేకర్‌తో తలపడ్డాడు. ఆ వేషం వేసింది కూడా బ్రయాన్ లీయే. అక్షయ్ ‘అసలు’ అండర్‌టేకర్‌ను ఎత్తి పడేశాడా లేదా అన్న వాదన ఒక తరానికి చాలా కాలం తెగలేదు. అమెరికన్ పిల్లలు టీవీలో చూసిన కథను ఇక్కడి పిల్లలు సగం చూసి, సగం అల్లుకున్నారు. సొంతంగా అల్లుకున్నది ఇంకా గట్టిగా గుర్తుంటుంది.

వీటన్నిటికీ తోడు ట్రంప్ కార్డులు. కిరాణా కొట్టులో, స్కూలు గేటు దగ్గర బండి మీద దొరికే ఆ కార్డుల మీద ఫొటో, కింద వరుసగా ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ఆడిన పోటీలు, గెలిచినవి. రెజ్లింగ్‌ను టీవీలో అసలు చూడనివాళ్లు కూడా కార్డుల ద్వారా అందులోకి వచ్చారు. ఆ అంకెలను పాఠ్యపుస్తకంలోని అంకెల్లా నమ్మారు. నిజానికి ఆ వృత్తిలో ఎత్తు, బరువు ప్రచార సామగ్రిలో భాగం. జెయింట్ గొంజాలెజ్‌ను ఎనిమిది అడుగులవాడిగా ప్రకటించారు. అర్జెంటీనాకు చెందిన ఈ మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడి అసలు ఎత్తు దానికి నాలుగైదు అంగుళాలు తక్కువ. రింగులో అతను కదలడమే కష్టం. 1993లో అండర్‌టేకర్‌తో ఆడిన మ్యాచ్ రెజిల్‌మేనియా చరిత్రలో అతి పేలవమైన వాటిలో ఒకటిగా పేరుపడింది. అయినా ‘ఎత్తు’ అని పందెం కాసే ఆటలో ఆ కార్డు చేతిలో ఉన్నవాడే రాజు. కార్డుల్లో వెలిగినవాళ్లు, రింగులో వెలిగినవాళ్లు ఒకరు కాదన్న సంగతి చాలామందికి యూట్యూబ్ వచ్చాకే తెలిసింది.

గ్రేట్ ఖలీ మీద ఇక్కడ ఉన్న అభిమానాన్నీ ఈ చట్రంలోనే చూడాలి. హిమాచల్ ప్రదేశ్‌లో పుట్టి, పంజాబ్ పోలీసు శాఖలో పనిచేసిన దలీప్ సింగ్ రాణా 2006 ఏప్రిల్‌లో రాగానే అండర్‌టేకర్‌ను మట్టికరిపించాడు. 2007 జులైలో వరల్డ్ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. సాంకేతికంగా అతని మ్యాచ్‌లను మెచ్చుకునే విమర్శకుడు దొరకడం కష్టం. ఇక్కడి పిల్లలకు ఆ విమర్శ ఏనాడూ పట్టలేదు.

దంతవైద్యుడు, చెత్తబండివాడు

జ్ఞాపకం చేసే రెండో పని ఏరివేత. ‘అప్పట్లో ప్రతి క్యారెక్టరూ అదిరిపోయేది’ అనేవారు 1990ల తొలి సగాన్ని మరచిపోతారు. ఆ రోజుల్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ రెజ్లర్లకు పగటి ఉద్యోగాలు తగిలించేది. చెత్త ఎత్తేవాడు డ్యూక్ డ్రోజీ, పన్ను వసూలు అధికారి ఐ.ఆర్.ఎస్., అప్పు కట్టనివాళ్ల బళ్లు లాక్కుపోయే రెపో మ్యాన్. వీరితోపాటు ఐజాక్ యాంకెమ్ అనే దంతవైద్యుడు. ఆ దంతవైద్యుడి వేషం వేసిన గ్లెన్ జేకబ్స్‌నే మరుసటి ఏడాది, కంపెనీ వదిలిపోయిన డీజిల్ అనే రెజ్లర్‌కు నకిలీగా దింపారు. రెండూ బెడిసికొట్టాయి. 1997 అక్టోబర్‌లో అదే మనిషి ఎర్ర ముసుగు వేసుకుని అండర్‌టేకర్ తమ్ముడు కేన్‌గా వచ్చాడు. ఇప్పుడు అభిమానులకు గుర్తున్నది కేన్. దంతవైద్యుణ్ణి గుర్తుచేస్తే నవ్వి వదిలేస్తారు.

పాత కాలంలో ఉత్తమమైన దానిని, ఇప్పటి కాలంలో సగటుతో పోల్చడం ఇలా జరుగుతుంది. 1998 జూన్‌లో పిట్స్‌బర్గ్‌లో అండర్‌టేకర్ పంజరం పైనుంచి మ్యాన్‌కైండ్‌ను కిందికి విసిరిన క్షణం ఒకవైపు, పోయిన సోమవారం కార్యక్రమం మరోవైపు. ఆ పోలికలో సోమవారం ఎప్పుడూ ఓడిపోతుంది. 1998లోనూ మామూలు సోమవారాలు ఉన్నాయి.

నిజంగానే మారినవి

అంతమాత్రాన పాత అభిమానుల ఫిర్యాదు మొత్తం భ్రమ అని కొట్టేయలేం. కొన్ని మార్పులు తేదీలతో సహా చూపించవచ్చు.

మొదటిది పోటీ పోవడం. ‘నైట్రో’ ఒక దశలో వరుసగా 83 వారాలు ‘రా’ను రేటింగ్‌లలో ఓడించింది. ఆ దెబ్బకు విన్స్ మెక్‌మహన్ నడిపే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కొత్త పాత్రలతో, తెగువతో బతికి బట్టకట్టింది. స్టోన్ కోల్డ్, రాక్ ఆ ఒత్తిడిలోంచి వచ్చారు. 2001 మార్చిలో డబ్ల్యూసీడబ్ల్యూను మెక్‌మహనే కొనేశాడు. ఆ తర్వాత 2019లో ఏఈడబ్ల్యూ అనే కొత్త కంపెనీ వచ్చేదాకా అమెరికాలో చెప్పుకోదగ్గ ప్రత్యర్థి లేడు. ఓడిపోతామన్న భయం లేని కంపెనీ కొత్త ప్రయోగాలకు తొందరపడదు.

రెండోది మాట. పాతతరం రెజ్లర్లకు మైకులో చెప్పాల్సిన విషయాన్ని రెండు మూడు ముక్కల్లో చెప్పి వదిలేసేవారు. మాట వాళ్ల సొంతం. 2000ల తర్వాత రచయితల బృందాలు పెరిగి, పలికే వాక్యాలను కూడా రాసివ్వడం అలవాటైంది. ఒకే చేతిరాతలో పదిమంది మాట్లాడితే మనుషులు కలిసిపోతారు. రాక్ మాట, ఆస్టిన్ మాట కళ్లు మూసుకుని విన్నా తేడా తెలిసేది. ఈ ఫిర్యాదులో బలముంది.

మూడోది హింస తగ్గడం. 2008 జులై నుంచి డబ్ల్యూడబ్ల్యూఈ కార్యక్రమాలు పిల్లలూ చూడదగిన పీజీ రేటింగ్‌కు మారాయి. 2010లో తల మీద కుర్చీతో కొట్టడాన్ని నిషేధించారు. రక్తం లేదు, పస లేదని దీన్ని లోటుగా చెప్పేవారున్నారు. దీని వెనుక కారణం తెలిస్తే ఆ వాదన నిలవదు. దాని గురించి కింద వస్తుంది.

మహిళల విషయంలోనైతే పాత రోజులను పొగడటానికి ఏమీ లేదు. యాటిట్యూడ్ ఎరాగా పిలిచే 1990ల చివరి కాలంలో ఆడవాళ్ల మ్యాచ్‌లు చాలావరకు దుస్తులు లాక్కునే తంతులు. 2019 ఏప్రిల్‌లో మొదటిసారి రెజిల్‌మేనియా ప్రధాన పోటీని మహిళలు ఆడారు. ‘అప్పుడే బాగుండేది’ అనేవారిలో ఆడవాళ్ల గొంతు అంతగా వినిపించకపోవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

ఇక ‘నిజంగా కొట్టుకుంటారని నమ్మేవాళ్లం, ఆ నమ్మకం పోయింది’ అనే మాట ఉంది. ఇది రెజ్లింగ్‌లో వచ్చిన మార్పు కాదు. 1989 ఫిబ్రవరిలోనే, క్రీడలకు వర్తించే నియంత్రణ నుంచి, పన్ను నుంచి తప్పించుకోవడానికి, తమది వినోద ప్రదర్శనేనని డబ్ల్యూడబ్ల్యూఎఫ్ న్యూజెర్సీ సెనేట్‌కు చెప్పుకుంది. హోగన్‌ను చూసి ఇక్కడి పిల్లలు చొక్కాలు చించుకోకముందే ఆ గుట్టు రట్టయింది.

జ్ఞాపకానికి ధర

రిటైరైన క్రికెటర్‌ను మళ్లీ టెస్టులో ఆడించలేరు. బంతి ఎవరినీ మన్నించదు. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఫలితం ముందే నిర్ణయమై ఉంటుంది, ప్రత్యర్థి పని తన బాధ్యతగా ఎదుటివాడిని కాపాడటం. కాబట్టి 55 ఏళ్ల మనిషిని కూడా మళ్లీ దించవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో ఈమధ్య జోరుగా సాగుతున్న పాత సినిమాల రీరిలీజ్‌లకూ దీనికీ ఉన్న తేడా కూడా ఇక్కడే ఉంది. థియేటర్లో హీరో ఇరవై ఏళ్ల కిందటి వయసుతోనే వస్తాడు. రింగులోకి ఇరవై ఏళ్లు మీద పడ్డ మనిషి వస్తాడు.

ఈ వ్యాపారానికి యంత్రాంగం పద్ధతిగా ఏర్పడింది. 1993లో ఆండ్రే ది జెయింట్ పేరుతో మొదలై మధ్యలో ఆగిన హాల్ ఆఫ్ ఫేమ్‌ను 2004లో మళ్లీ తెచ్చి, ఏటా రెజిల్‌మేనియా వారంలో జరిపే వేడుకగా మార్చారు. మాజీలతో ‘లెజెండ్స్’ ఒప్పందాలు కుదుర్చుకుని వారి పేరు, రూపాలను బొమ్మలకు, వీడియో గేములకు, టీషర్టులకు వాడుకుంటారు. కొనేసిన పోటీ కంపెనీల టేపులన్నీ కలిపి 2014 ఫిబ్రవరిలో నెలకు 9.99 డాలర్లకు సొంత స్ట్రీమింగ్ సేవ పెట్టారు. ఒకప్పటి ప్రత్యర్థుల చరిత్ర కూడా ఇప్పుడు ఒకే కొట్టు సరుకు.

అందులో బాగా పనిచేసే చిన్న సాధనం సంగీతం. ఆస్టిన్‌కు గాజు పగిలే చప్పుడు, అండర్‌టేకర్‌కు గంట. మనిషి కనిపించకముందే, ఒక్క సెకను శబ్దంతో వేలమంది లేచి నిలబడతారు. రాయల్ రంబుల్‌లో 90 సెకన్లకొకరు చొప్పున వచ్చే పద్ధతి ఇందుకు చక్కగా అమరింది. పాత మనిషి రెండు నిమిషాలు కనిపిస్తాడు, తన ప్రసిద్ధ దెబ్బ ఒకటి వేస్తాడు, వెళ్లిపోతాడు. జ్ఞాపకానికి కావలసిందీ అంతే.

అంతకు మించి సాగదీసినప్పుడే ఇబ్బంది. సౌదీ అరేబియాతో 2018లో మొదలైన ఒప్పందం కింద జరిగే కార్యక్రమాల్లో పాత పేర్లకు గిరాకీ ఎక్కువ. 2018 నవంబర్‌లో రియాద్‌లో ఎనిమిదేళ్ల రిటైర్మెంట్ వదిలి షాన్ మైకేల్స్ వచ్చాడు. ట్రిపుల్ హెచ్ ఛాతీ కండరం తెగింది. ఎదుటి జట్టులోని కేన్ అప్పటికి టెనెసీలోని నాక్స్ కౌంటీకి మేయర్. 2019 జూన్ 7న జెడ్డాలో 54 ఏళ్ల అండర్‌టేకర్, 52 ఏళ్ల గోల్డ్‌బర్గ్ తలపడ్డారు. 1990ల చివర్లో పిల్లలు కార్డులతో కలలు కన్న మ్యాచ్ అది. గోల్డ్‌బర్గ్ తల కొట్టుకుని తూలిపోయాడు, అండర్‌టేకర్‌ను ఎత్తి పడేయబోయి మెడ మీద వేసినంత పని చేశాడు. ఆ రాత్రి ఇద్దరూ బతికి బయటపడటమే మేలు అనుకున్నవారున్నారు.

తెలివిగా చేసినవీ ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో టెక్సస్‌లో 57 ఏళ్ల ఆస్టిన్, 19 ఏళ్ల తర్వాత కెవిన్ ఓవెన్స్‌తో ఆడాడు. నిబంధనలు లేని పోటీగా పెట్టి, రింగు బయట పిడిగుద్దులతో నడిపి, వయసు కనబడకుండా చూసుకున్నారు. 2024 మార్చి 3న స్టింగ్ 64 ఏళ్ల వయసులో గ్రీన్స్‌బరోలో ఆఖరి మ్యాచ్ ఆడాడు. 1988లో రిక్ ఫ్లెయిర్‌తో 45 నిమిషాలు పోరాడి పేరు తెచ్చుకున్న హాలు అదే. బరువంతా యువ సహచరుడు డార్బీ అలిన్ మోశాడు, స్టింగ్ గెలిచి వెళ్లిపోయాడు. పాతవాడి లోపాలను కప్పగల కొత్తవాడు పక్కన ఉన్నప్పుడే జ్ఞాపకం చెడిపోకుండా మిగులుతుంది.

తలచుకోవడానికి ఇష్టపడనివి

ఈ తరం జ్ఞాపకాల్లో దుఃఖం పాలు మిగతా క్రీడాభిమానుల కంటే ఎక్కువ. కార్డుల కట్టలోని మనుషులు చాలామంది ముందే వెళ్లిపోయారు. ఓవెన్ హార్ట్ 1999 మేలో కాన్సస్ సిటీలో పైకప్పు నుంచి దింపుతుండగా పడి 34 ఏళ్లకు చనిపోయాడు. యోకోజూనా కూడా 34 ఏళ్లకే. ఎడ్డీ గెరేరో 38, బ్రిటిష్ బుల్‌డాగ్ 39, జెయింట్ గొంజాలెజ్ 44. అల్టిమేట్ వారియర్ 2014 ఏప్రిల్‌లో చాలా ఏళ్ల తర్వాత ‘రా’లో కనిపించిన మర్నాడే గుండె ఆగి పోయాడు. ఏడాదిలో అత్యధిక రాత్రులు ప్రయాణాలు, నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు కలిసి పలువురి గుండెలను తినేశాయి. రెజ్లర్లను కంపెనీ ఉద్యోగులుగా కాక స్వతంత్ర కాంట్రాక్టర్లుగా లెక్కించడంతో ఆరోగ్య బీమా, పింఛను వాళ్లే చూసుకోవలసినవి. 2005 నవంబర్‌లో గెరేరో చనిపోయాకే, 2006లో కట్టుదిట్టమైన మందుల పరీక్షలు మొదలయ్యాయి.

2007 జూన్‌లో క్రిస్ బెన్వా భార్యను, ఏడేళ్ల కొడుకును చంపి ఉరివేసుకున్నాడు. తర్వాత అతని మెదడును పరీక్షించిన వైద్యులకు, తలకు పదేపదే తగిలిన దెబ్బల వల్ల జరిగిన తీవ్ర నష్టం కనిపించింది. తల మీద కుర్చీ దెబ్బలు నిలిచిపోవడానికి ఉన్న నేపథ్యం ఇది. కంపెనీ తన ప్రచారంలోంచి బెన్వా పేరును తుడిచేసింది. 2004లో అతను ప్రపంచ చాంపియన్ అయిన రాత్రి గెరేరోతో కలిసి రింగులో ఏడ్చిన దృశ్యం ఆ తరానికి అత్యంత ప్రియమైనది. దాన్ని ఏం చేయాలో వారికి ఇప్పటికీ తెలియదు.

హోగన్ విషయంలో జవాబు బహిరంగంగానే వచ్చింది. 1987 మార్చిలో పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో ఆండ్రేను ఎత్తి పడేసిన అతను, ఆ వ్యాపారంలో అతి పెద్ద పేరు. (ఆనాటి హాజరు 93,173 అని కంపెనీ చెప్పే లెక్క మీద వివాదం ఇప్పటికీ ఉంది. కార్డుల మీది ఎత్తుల్లాంటిదే.) 2015లో అతని జాత్యహంకార మాటల రికార్డింగు బయటపడితే కంపెనీ వెలివేసింది, 2018లో తిరిగి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుంది. 2025 జనవరి 6న ‘రా’ నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చిన తొలి రాత్రి లాస్ ఏంజెలెస్ పక్కనున్న ఇంగిల్‌వుడ్‌లో హోగన్ రింగులోకి వస్తే జనం ఎగతాళి కేకలతో ముంచెత్తారు. అదే అతను డబ్ల్యూడబ్ల్యూఈ ‘రా’లో ఆఖరుగా కనిపించిన రాత్రి. ఏడు నెలలు తిరగకుండా మరణవార్త రాగానే నివాళులు వెల్లువెత్తాయి. పాత్రను ప్రేమించి, మనిషిని క్షమించలేకపోవడం ఒకే అభిమానికి సాధ్యమేనని ఆ రెండు స్పందనలు చూపించాయి.

ఇకపై ఏమవుతుంది?

నెట్‌ఫ్లిక్స్‌తో పదేళ్లకు ఐదు వందల కోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పందం డబ్ల్యూడబ్ల్యూఈ చేతిలో ఉంది. భారత్‌లో సోనీ నుంచి 2025 ఏప్రిల్‌లో ప్రసారాలు అక్కడికే మారాయి. మిశ్రమ యుద్ధకళల పోటీలు నడిపే యూఎఫ్‌సీతో కలిసి 2023లో ఏర్పడిన టీకేఓ గ్రూపు కింద టికెట్ ధరలు కుటుంబంతో వెళ్లే సామాన్య ప్రేక్షకుణ్ణి దూరం చేసే స్థాయికి చేరుతున్నాయన్న విమర్శ అమెరికాలో గట్టిగా ఉంది. చిన్ననాటి అభిమానం ఉండి, సొంత సంపాదన ఉన్న ముప్పై, నలభై ఏళ్లవారే ఈ ధరలకు లక్ష్యం.

ఇక్కడి గిరాకీ ఎలాంటిదో 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలిలో తేలింది. జీఎంసీ బాలయోగి ఇండోర్ స్టేడియంలో జరిగిన ‘సూపర్‌స్టార్ స్పెక్టకిల్’లో సీనా భారతదేశంలో తొలిసారి మ్యాచ్ ఆడాడు. సెత్ రోలిన్స్‌తో జట్టు కట్టి, గుంథర్ ముఠాలోని లూడ్విగ్ కైజర్, జియోవానీ విన్సీలను ఓడించాడు. అప్పటికి సీనా పూర్తికాలం రెజ్లర్ కాదు, హాలీవుడ్ నటుడు. అయినా ప్రధాన ఆకర్షణ అతనే. భారత మూలాలున్న రెజ్లర్లు అదే కార్యక్రమంలో ఉన్నా, జనం వచ్చింది చిన్నప్పుడు టెన్ స్పోర్ట్స్‌లో చూసిన మనిషి కోసం.

సీనా తర్వాత ఆ నిల్వలో అంత బరువున్న పేర్లు తగ్గిపోతున్నాయి. గోల్డ్‌బర్గ్ కూడా 2025 జులైలో అట్లాంటాలో ఆఖరి మ్యాచ్ ఆడేశాడు, అదీ గుంథర్ చేతిలో ఓటమితోనే. రోమన్ రీన్స్, కోడీ రోడ్స్, రియా రిప్లీ తర్వాతి తరానికి ‘ఆ రోజులు’ అవుతారనడంలో సందేహం లేదు. రీన్స్‌నూ ఒకప్పుడు సీనాను తిట్టినట్టే తిట్టారు. తేలనిది వేరే ఉంది. ఇప్పటి పదేళ్ల పిల్లవాడు గంటల తరబడి సాగే కార్యక్రమం చూడటం లేదు. ముప్పై సెకన్ల క్లిప్పు చూస్తున్నాడు, రెజ్లర్ ఇంట్లో వంట చేసుకునే వీడియో కూడా చూస్తున్నాడు, అసలు ఎత్తెంతో ఒక్క క్షణంలో వెతుక్కుంటున్నాడు. సగం అల్లుకోవలసిన అవసరం అతనికి లేదు. కథలు కూడా నెలలో మూడు సార్లు మలుపు తిరుగుతున్నాయి. ఇలా పోగైన జ్ఞాపకానికి ఇరవై ఏళ్ల తర్వాత టికెట్ కొనిపించే బలం ఉంటుందా అన్నది, పదేళ్ల ఒప్పందం ముగిసే నాటికి ఆ కంపెనీ ఖాతా పుస్తకాల్లోనే కనిపిస్తుంది.